పై అంతస్తు కిటికీ

ఆ ఏడు డబ్లిన్‌లో వాన కురవడం మానేసింది. మొదట్లో అందరం పండగ చేసుకున్నాం. ఆఫీసుల వాళ్లు చొక్కాలు విప్పి పార్కుల్లో బోర్లా పడుకున్నారు. మూర్ స్ట్రీట్‌లో స్ట్రాబెర్రీలమ్మే ఆడవాళ్లు బండ్ల మీద తడిగుడ్డలు కప్పి, "ఎండకి మీరు పోయేలోగా తినండ్రా, వెక్స్‌ఫర్డ్ పళ్లు!" అని కేకలు పెట్టారు. జూన్ నెలాఖరుకి ఆ నవ్వులు ఆగిపోయాయి. మొక్కలకు గొట్టంతో నీళ్లు పట్టకూడదని రేడియోలో చెప్పారు. మాకు మొక్కలెక్కడివి? మాకున్నవల్లా పాత ఇంటి పై అంతస్తులో రెండు గదులు, వాటి నెత్తిన పలకరాళ్ల కప్పు. పొద్దెక్కేసరికి ఆ రాళ్లు పెనంలా కాగేవి. మేం కింద అట్టుల్లా మాడేవాళ్లం.

మేం అంటే నేను, మా ఆయన కోల్మ్, మా పాప సైవ్. సైవ్‌కి రెండు నిండి మూడోది నడుస్తోంది. కోల్మ్ సిటీబస్సు నడుపుతాడు. తెల్లారకముందే వెళ్లి, మధ్యాహ్నం ఇంటికొచ్చి, బూట్లు విప్పీ విప్పకుండానే పడుకుంటాడు. సైవ్ కడుపులో ఉండగా నేను బడి మానేశాను. ఆఖరి పరీక్ష రాయనేలేదు. ఆ ఇంటికి రాకముందు, అద్దెకి ఇల్లు దొరక్క ఒక హోటల్లో, ఒకే గదిలో, ఏడాది పైగా కాపురం చేశాం. టీ కెటిల్‌లో గుడ్లు ఉడకబెట్టుకున్న కాపురం. అందుకే ఈ గదులు దొరికిన రోజు కోల్మ్ నన్నూ పిల్లనీ కలిపి ఎత్తుకుని గడప దాటాడు. దాటి, నా చెప్పు తగిలి తలుపు రంగు గీసుకుపోయిందేమోనని వెనక్కి వచ్చి మరీ చూసుకున్నాడు. ఆ ఇంటి దగ్గర మేం అంత ఒదిగి ఉండేవాళ్లం.

ఎందుకంటే అది రక్షిత కట్టడం. జార్జి రాజుల కాలంలో ఒక సారా వర్తకుడు కట్టించాడు. తర్వాత గదికో కాపురం చొప్పున పేదసాదలతో కిక్కిరిసిపోయింది, ఆ తర్వాత పావురాలు కాపురం పెట్టాయి. చివరికి ఒక ట్రస్టు కొని బాగు చేయిస్తోంది. కప్పు కింద మనుషులుంటే ఇల్లు బతుకుతుందని పై గదులు తక్కువ అద్దెకి ఇచ్చారు. షరతు ఒక్కటే. గోడకి మేకు కొట్టకూడదు, చెక్కని గోకకూడదు, దేన్నీ మార్చకూడదు.

ఆ దేన్నీ అన్నదాంట్లో మా కిటికీ కూడా ఉంది.

ఆ ఇంట్లో కింది అంతస్తుల కిటికీలు నిలువెత్తున ఉంటాయి. పైకి వచ్చేకొద్దీ పొట్టివైపోతాయి, వీధిలోంచి చూసేవాళ్లకి ఇల్లు ఇంకా ఎత్తుగా కనబడాలని. మా అంతస్తుకి వచ్చేసరికి నేలకి జానెడు ఎత్తులో మొదలై నా తలదాకా వస్తుంది. రెండు చెక్క చట్రాలు ఒకదాని మీద ఒకటి పైకీ కిందికీ జరగాలి. పై చట్రం రంగు మీద రంగు పూసి ఎప్పుడో అతుక్కుపోయింది, కదలదు. కింది చట్రాన్ని మాత్రం ఒక్క వేలితో లేపొచ్చు. లేపితే సైవ్ మోకాళ్ల దగ్గర్నుంచీ అంతా ఆకాశమే. ఆ ఆకాశానికి అడుగున, మూడంతస్తుల కింద, పెరట్లో రాతి పలకలు.

దానికి తోడు మా పొగగొట్టాల మీద తెల్లటి సముద్రపు కాకులు గూళ్లు పెట్టాయి. సైవ్‌కి వాటి పిచ్చి. పొద్దున లేవగానే "కాకమ్మ! కాకమ్మ!" అంటూ కిటికీకి అతుక్కునేది.

నేను కిటికీ మూసేదాన్ని. కోల్మ్ వచ్చి తెరిచేవాడు. నేను మళ్లీ లేచి మూసేదాన్ని.

"ఏమోయ్, మమ్మల్ని ఆవిరి మీద ఉడికించి ఎవరికి వడ్డిస్తావు?" అన్నాడొకరోజు, బనీను పిండుకుంటూ.

"పిల్ల కిటికీ దగ్గరే ఆడుతోంది. కనబడటం లేదా?"

"నేనిక్కడే ఉన్నాగా."

"నువ్వు గురక పెడుతున్నావు. గురకకి చేతులుంటాయా పిల్లని పట్టుకోడానికి?"

"నీ భయాలన్నిటికీ టికెట్లు కొట్టాలంటే నా బస్సు చాలదే, మహాతల్లీ," అని అటు తిరిగి పడుకున్నాడు.

నిజమే, నాది బస్సు పట్టనంత భయం. మంచం కిటికీకి దూరంగా లాగాను. కుర్చీని వంటగదిలో పెట్టాను. ఎక్కడానికి వీలైన ప్రతిదాన్నీ గదికి ఆ చివరికి చేర్చాను. అయినా కూర్చుంటే కూర్చోబుద్ధి కాదు. గిన్నె తోముతూ మధ్యలో వచ్చి చూసేదాన్ని, స్నానం మధ్యలో ఒంటికి తువ్వాలు చుట్టుకుని వచ్చి చూసేదాన్ని. ఆ వేసవంతా నేను ఒక్క కప్పు టీ కూడా వేడిగా తాగలేదు.

మా కింద, రెండో అంతస్తు వెనక గదిలో, మిసెస్ గెరాటీ ఉండేది. పేరు కొన్సెప్టా. ఎనభైకి దగ్గర పడిన మనిషి. ఆ ఇంట్లోనే పుట్టింది. పావురాల కాలంలో కూడా ఖాళీ చెయ్యలేదు. ట్రస్టు వాళ్లు ఇల్లు కొన్నప్పుడు ఆవిణ్నీ ఇంటితో పాటు కొన్నామని నవ్వుతూ చెప్పుకునేవాళ్లు. చూడ్డానికి ఎవరొచ్చినా ఆవిడ కుర్చీ గుమ్మంలోకి లాక్కుని కథలు మొదలుపెట్టేది. ఇంటిమొత్తానికి పెరట్లో ఒక్క కుళాయి ఉండేదని, మేడమెట్ల చేపట్టు కొయ్య మీద జారుతూ బడికెళ్లేవాళ్లమని, సారా వర్తకుడి నాట్యశాలలో పదిమంది పిల్లల్ని కన్న మహాతల్లి కాపురం చేసిందని. వినేవాళ్లు పొట్ట పట్టుకుని నవ్వేవాళ్లు.

కింది నుంచి ఆవిడ గుమ్మం దాకా మెట్లు నలుగురు పక్కపక్కన నడిచేంత విశాలంగా, మెరిసే చేపట్టుతో వస్తాయి. అతిథుల కళ్లు పడేది అక్కడిదాకానే కాబట్టి, అక్కడితో ఆ దర్జా ఠక్కున ఆగిపోతుంది. అక్కణ్నుంచి మా గదులకి ఇరుకు చెక్కమెట్లు, మధ్యలో మోచెయ్యిలా ఒక మలుపు. పిల్లలకీ పనివాళ్లకీ అంతే చాలనుకున్నారు కాబోలు. మిసెస్ గెరాటీ ఆ చెక్కమెట్లు ఎక్కగా నేనెప్పుడూ చూడలేదు. సైవ్ కోసం రొట్టె చేసినా కింద నిలబడి పిలిచేది. మోకాళ్ల నొప్పులనుకున్నాను. కానీ చర్చికి మాత్రం రోజూ ఆ పెద్దమెట్లన్నీ దిగి ఎక్కి వచ్చేది.

నేను ఎప్పుడు కిందికి దిగినా ఆవిడ అడిగే మొదటి మాట ఒకటే.

"కిటికీ మూశావా, పిల్లా?"

"మూశానండీ."

"గడియ?"

"దానికి గడియెక్కడుందండీ!"

"అయితే మళ్లీ వెళ్లి చూసి రా. నీ చాకిరీ ఎక్కడికీ పోదులే."

నాకన్నా భయస్థురాలు ఒకరున్నారని ఆవిడ దగ్గర కూర్చుంటే నాకు కాస్త ఊపిరాడేది.

జూలై మొదట్లో గ్రోన్యా టూహీ గారు వచ్చారు. ట్రస్టు తరపున ఇంటి మరమ్మతులన్నీ చూసేది ఆవిడే. సన్నటి మనిషి, చెవి వెనక పెన్సిలు, మోకాళ్ల మీద ఎప్పుడూ సున్నం. మిసెస్ గెరాటీ ఆవిణ్ని చాటుగా "చదువులమ్మ" అనేది. మా కిటికీ చెక్క మీద అగ్గిపెట్టంత చోట చిన్న కత్తితో రంగుపొరల్ని మెట్లుమెట్లుగా గీశారు. తెలుపు కింద పచ్చ, పచ్చ కింద గోధుమ, దాని కింద పాలమీగడలాంటిది.

"అడుగుది వర్తకుడి కాలం నాటిది," అన్నారు మురిపెంగా. "ఈ చెక్కే మనకి మిగిలిన చరిత్ర, డెర్వ్‌లా. ఒక్క పొర పోయిందా, మళ్లీ రాదు."

ఆవిడ అంత బాగా మాట్లాడుతుంటే నాకు నోరు తెరవాలంటే బెరుకేసింది. చదువుకున్నవాళ్ల ముందు నాకెప్పుడూ అంతే. చివరికి ఎలాగో అడిగాను.

"కిటికీకి ఏదైనా అడ్డం పెట్టించగలరా అండీ? పిల్ల కోసం. రెండు కమ్మీలైనా సరే."

ఆవిడ మొహం నిజంగానే చిన్నబోయింది. "కొత్తది ఏది బిగించినా అది మార్పు కిందికి వస్తుందమ్మా. మార్పంటే అనుమతి కావాలి. దరఖాస్తు పెడతాను, శీతాకాలానికి తేలొచ్చు. ఈలోగా పై చట్రం కిందికి దించుకుని గాలి తీసుకోండి. పిల్లకి అందదు."

"అది కదలదండీ. అతుక్కుపోయింది."

"వడ్రంగులు సెప్టెంబరులో వస్తారు. అప్పటిదాకా జాగ్రత్త."

జాగ్రత్త. ఆ మాట నాకు చెప్పాలా!

ఆ వారమే జరిగింది. దుప్పట్లు ఉతికి ఆరెయ్యడానికి పెరట్లోకి దిగాను. కోల్మ్ పడుకుని ఉన్నాడు, సైవ్ అతని పక్కన నిద్రపోతోంది, కిటికీ మూసి ఉంది. మూడూ చూసుకునే దిగాను. రెండో దుప్పటి తీగ మీద వేస్తుండగా, దాని మీద టప్‌మని ఏదో పడింది. రొట్టె అంచు ముక్క.

తలెత్తాను.

కిటికీ సగందాకా లేచి ఉంది. రాతి గడప మీద సైవ్ పొట్ట ఆనించి, చెయ్యి చాపి ఉంది. దానికి మూరెడు దూరంలో సముద్రపు కాకి ఒకటి మెడ వంచి చూస్తోంది. సైవ్ దానికి ఇంకో ముక్క అందించబోతోంది.

అరిస్తే కిందికి చూస్తుంది. చూస్తే ఇంకా వంగుతుంది. ఆ మాట నాకు ఎవరు చెప్పారో తెలియదు. నా గొంతు మాత్రం ఎవరిదో అయినట్టు మామూలుగా వచ్చింది.

"సైవ్ బంగారూ. నాన్నకి ఆకలేస్తోంది. ఆ ముక్క నాన్న నోట్లో పెట్టు, పో."

అది ఆలోచించింది. కాకి వంక చూసింది. చేతిలోని రొట్టె వంక చూసింది.

"నాన్నకా?"

"నాన్నకే. పరిగెత్తు. కాకి తినేస్తుంది."

తల లోపలికి వెళ్లింది. నేను మెట్లెలా ఎక్కానో గుర్తులేదు. నా మాట తన కిటికీలోంచి వినబడిందేమో, ఇరుకు మెట్ల మొదట్లో మిసెస్ గెరాటీ నిలబడి ఉంది. ఒక కాలు మొదటి మెట్టు మీద, రెండు చేతులూ చేపట్టు మీద, వేళ్లు తెల్లగా పాలిపోయి. పైకి వెళ్లడమూ లేదు, దిగడమూ లేదు. ఆవిణ్ని తోసుకుంటూ పరిగెత్తాను.

గదిలో కోల్మ్ మంచం మీద లేచి కూర్చుని ఉన్నాడు, నోట్లో రొట్టెముక్కతో, ఏమీ అర్థంకాక. ఉక్కపోసి తనే నిద్రలో లేచి కిటికీ లేపి మళ్లీ పడుకున్నాడట. నా మొహం చూసి, కిటికీ చూసి, నోట్లోది మింగలేకపోయాడు. నేను వెళ్లి కిటికీ దించాను. తిట్టి ఉంటే బాగుండేదని తర్వాత చెప్పాడు.

 ఆ సాయంత్రమంతా సైవ్ గదిలో తిరుగుతూ "నాన్న తిన్నాడు, కాకి తిన్లేదు" అని పాట కట్టుకుంది.

మర్నాడు కోల్మ్ పనినుంచి వచ్చేసరికి నేను పీట ఎక్కి, వంటింటి కత్తితో పై చట్రం చుట్టూ ఉన్న రంగుని కోస్తున్నాను. సైవ్‌ని మిసెస్ గెరాటీ దగ్గర వదిలాను. ముక్కుకి గుడ్డ కట్టుకున్నాను, కింద తడి దుప్పటి పరిచాను. పాత రంగులో సీసం ఉంటుందని ఆసుపత్రి గోడ మీద చదివిన గుర్తు.

"డెర్వ్‌లా! పిచ్చెక్కిందా నీకు?"

"ఎక్కింది."

"అది చరిత్రట! మనల్ని వెళ్లగొడతారు. మళ్లీ ఆ హోటలు గదికి పోదామా? కెటిల్లో గుడ్లు?"

"కెటిల్ ఉంటే చాలు. పిల్ల ఉండాలి."

 కోల్మ్ టోపీ తీసి మంచం మీద పడేసి, "ఆ పక్క నాకు అందుతుంది, దిగు," అన్నాడు.

ఇద్దరం మార్చి మార్చి కోశాం. కోసి, కోసి, చట్రాన్ని రెండు చేతులతో కిందికి గుంజితే ఇల్లంతా కీచుమంది. గోడలోపలి చెక్కపెట్టెలో చట్రానికి తాళ్లతో కట్టి ఎన్నాళ్లనుంచో వేలాడుతున్న ఇనుప బరువులు గడగడమన్నాయి. చట్రం అరచెయ్యంత కిందికి దిగింది. పైనుంచి గాలి వచ్చి నా మొహానికి తగిలింది. కోల్మ్ పకపకా నవ్వి, ఆ నవ్వు మధ్యలోనే ఏడ్చాడు. నేను చూడనట్టు కిటికీ బయటి రాతిగడప మీద పడ్డ రంగుపొట్టు తుడవడానికి వంగాను.

తడిగుడ్డ ఒకచోట తట్టుకుంది. ఇంకోచోట తట్టుకుంది. నల్లరాయిలో వరసగా గుండ్రటి ఇనుప మోళ్లు, చుట్టూ సీసం పోసి ఉంది, మీద రంగు. బొటనవేలితో తడిమాను. రంపంతో కోసినట్టు చదునుగా ఉన్నాయి.

సరిగ్గా అప్పుడే తలుపు దగ్గర గ్రోన్యా గారి గొంతు వినబడింది. "లోపలికి రావచ్చా?"

కింద పడేసిన కత్తి అందుకున్నానే గానీ దాచే వ్యవధి లేదు. దాచినా కిటికీని ఎక్కడ దాచను? ఆవిడ వచ్చి పై చట్రం చూశారు, కోసిన అంచులు చూశారు, తను గీసిన అగ్గిపెట్టె గుర్తు పక్కనే నేను చెక్కిన లోతైన గాటు చూశారు. మొహంలో నెత్తురు లేదు. కోల్మ్ నా ముందుకు వచ్చి, "నేను కోశానండీ. ఈవిడకేం తెలియదు," అన్నాడు, చేతిలో కత్తి లేకుండానే. కత్తి నా చేతిలో ఉంది.

"ఆవిడకి ఏం తెలుసో నేను ఆవిణ్నే అడుగుతాను," అన్నారు ఆవిడ, నెమ్మదిగా.

"మొన్న పిల్ల ఈ గడప మీద పొట్ట పెట్టి పడుకుందండీ," అన్నాను. "సగం బయటికి. మీ సెప్టెంబరుదాకా నేను ఆగలేకపోయాను." తడిగుడ్డ పక్కకి తీశాను. "ఇక్కడ ఇనప మోళ్లున్నాయి, చూడండి."

ఆవిడ వంగి చెయ్యి పెట్టారు. అలాగే మోకాళ్ల మీద కూలబడ్డారు. కళ్లద్దాలు నుదుటి మీదికి తోసుకుని ఒక్కొక్క మోడునీ వేలితో ముట్టుకుంటూ, "ఊచలు," అన్నారు గుసగుసగా. "ఇది పిల్లల గది. వర్తకుడి పిల్లల గది! పడిపోకుండా ఊచలు పెట్టించాడు. దేవుడా, రంగు కింద ఉండిపోయాయి, ఇన్నాళ్లూ ఎవరం చూడలేదు."

"అంటే మళ్లీ పెట్టొచ్చా?"

"ఉన్నదాన్ని తిరిగి పెట్టడం మరమ్మతు. మరమ్మతుకి శీతాకాలందాకా ఆగక్కర్లేదు." అంతలోనే ఆవిడ ఉత్సాహం తగ్గింది. "కానీ అవి ఎలా ఉండేవో తెలియాలి. ఎంత ఎత్తు, ఎంత లావు, పైన అడ్డకమ్మీ ఉందా లేదా. ఊహించి పెడితే అబద్ధం పెట్టినట్టే. యుద్ధం రోజుల్లో పాత ఇనుముకి అమ్మేసుకుని ఉంటారు, పాపం. చూసినవాళ్లు ఎవరైనా బతికి ఉంటే..."

ఆ మాట అంటూనే ఆవిడా నేనూ ఒకరినొకరు చూసుకున్నాం.

కిందికి నేనొక్కదాన్నే వెళ్లాను. మిసెస్ గెరాటీ గదిలో ఏసు హృదయం పటం కింద ఎర్రదీపం వెలుగుతోంది. సైవ్ నేల మీద గుండీల డబ్బా బోర్లించుకుని కూర్చుంది. ఆవిడ నాకు టీ పోసింది, చెంచా నిలబడేంత చిక్కగా.

"పైన చప్పుళ్లేంటి పిల్లా? ఇల్లు కూల్చేస్తున్నారా?"

"కిటికీ బాగు చేశాం. పైనుంచి తెరుచుకుంటుంది ఇక."

"అది మంచిది. అది చాలా మంచిది."

"కింద రాయిలో కోసేసిన ఊచలున్నాయండీ. మీకేమైనా గుర్తుందా?"

ఆవిడ కెటిల్ మళ్లీ స్టవ్ మీద పెట్టింది. అప్పుడే దించిన కెటిల్ అది.

"మేం ఉండేది మీ గదిలోనే," అంది చివరికి. "నీకు చెప్పలేదు కదూ. అమ్మ, నాన్న, నానమ్మ, మేం నలుగురం. మంచు కురిసిన ఆ పెద్ద చలికాలం నానమ్మ పోయింది. శవపేటిక ఆ ఇరుకు మెట్ల మలుపు తిరగదు. ఇలాంటి ఇళ్లలో ఎవరు పోయినా అంతే, పై గదుల వాళ్లని దుప్పట్లో చుట్టి కిందికి దించి, వసారాలో పెట్టెలో పెట్టేవాళ్లు. మా నాన్న ససేమిరా ఒప్పుకోలేదు. 'మా అమ్మ మూట కాదు,' అన్నాడు. ఓడరేవులో బరువులు దించే మనిషి. తాళ్ల సంగతి ఆయనకి తెలిసినంత ఎవరికీ తెలియదు. ఊచలు కోసి, కిటికీ చట్రాలు ఊడదీసి, పెట్టెని తాళ్లు కట్టి పెరట్లోకి దించారు. కింద అందరూ మంచులో మోకాళ్ల మీద కూర్చుని జపమాల చదివారు. అంత గౌరవంగా ఈ వీధిలోంచి ఎవరూ పోలేదని చెప్పుకున్నారు."

"మరి ఊచలు?"

"గోనెలో చుట్టి బొగ్గుకొట్లో పెట్టాడు. ఈస్టర్‌కి మళ్లీ బిగిస్తానన్నాడు. ఈస్టర్ వెళ్లిపోయింది. ఓడలు ఎక్కువొస్తున్నాయి, ఈ వారం, వచ్చే వారం అన్నాడు." సైవ్ ఒక పెద్ద నీలం గుండీ తెచ్చి ఆవిడ ఒళ్లో పెట్టింది. ఆవిడ దాన్ని ఇటూ అటూ తిప్పింది. "వేసవి వచ్చింది. మా తమ్ముడు ఫ్రాన్సీకి మూడేళ్లు. వాడికీ ఆ కాకులంటే ప్రాణం."

నేను టీకప్పు పట్టుకునే సైవ్‌ని నా పక్కకి లాక్కున్నాను.

"నాన్న బతికినన్నాళ్లూ మళ్లీ ఆ బొగ్గుకొట్టు తలుపు తియ్యలేదు," అంది. "బొగ్గు మా అమ్మే మోసేది. ఇటివ్వు కప్పు, కడుగుతాను."

"ఇంకా తాగలేదండీ."

"చల్లారిపోయింది. వేరేది పోస్తాను. నువ్వు ఎప్పుడూ చల్లారబెట్టుకునే తాగుతావేమే?"

గ్రోన్యా గారికి ఆవిడ తన గుమ్మంలో కుర్చీ వేసుకుని నానమ్మ కథంతా చెప్పింది. తాళ్లు, మంచు, జపమాల, తాగి వచ్చి పెట్టెతో పాటు తనూ దిగుతానన్న మేనమామ. గ్రోన్యా గారు నవ్వి, కళ్లు తుడుచుకుని, పెన్సిలుతో రాసుకున్నారు. "అమ్ముకుని ఉంటారని నేను పొరపాటు పడ్డాను, మిసెస్ గెరాటీ. క్షమించండి," అన్నారు. ఈవిడ దర్జాగా తల ఊపింది. రెండో కథ చెప్పలేదు. నేనూ చెప్పలేదు. కోల్మ్‌కి కూడా ఆ ఏడాది చివర్లో గానీ చెప్పలేకపోయాను.

బొగ్గుకొట్టు వీధి కాలిబాట కింద ఉంటుంది. రాళ్లూ రప్పలూ తొలగించడానికి కోల్మ్ తన సెలవురోజు ఇచ్చాడు. అడుగున, గోడవారన, కుళ్లి పొడైపోయిన గోనెలో ఊచలు దొరికాయి. ఒక్కటీ పోలేదు. పైన బిగించే అడ్డకమ్మీ కూడా ఉంది. మరలు ఒక పొగాకు డబ్బాలో వేసి, ఆ డబ్బాని కమ్మీకి తాడుతో కట్టి ఉంచారు. మర్నాడే వచ్చి పెట్టేవాడు కట్టుకున్నట్టు. ఆ ముడి విప్పడం కోల్మ్ వల్ల కాలేదు. కొయ్యడానికి చెయ్యి రాక, డబ్బాతో సహా అలాగే పైకి తెచ్చాడు.

మిసెస్ గెరాటీ గుమ్మంలోంచి ఆ కట్ట పైకి వెళ్లడం చూసింది. లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది.

కమ్మరి తీసుకెళ్లి, తుప్పు వదిలించి, కోసినచోట అతుకులు వేసి తెచ్చేసరికి ఆగస్టు అయిపోవచ్చింది. బిగిస్తున్నంతసేపూ నేను వంటగదికీ ఆ గదికీ మధ్య తిరుగుతూనే ఉన్నాను. సుత్తి దెబ్బ వినబడితే వచ్చి చూసేదాన్ని. వినబడకపోయినా వచ్చి చూసేదాన్ని. "అమ్మా, మీరు కూర్చుంటే నా పని త్వరగా అవుతుంది," అన్నాడు కమ్మరి. అలవాటు తప్పిపోయింది, ఎక్కడ కూర్చోవాలో తెలియలేదు.

ఆ మధ్యాహ్నం ఆకాశం సీసంలా అయింది. పొగగొట్టాల మీద కాకులు అరుపులు మానేశాయి. ఇంతలో చెక్కమెట్ల మీద చప్పుడు వినబడింది. ఒక మెట్టు, ఆగడం. ఇంకో మెట్టు, ఆగడం. మలుపు దగ్గర చాలాసేపు ఆగింది. కోల్మ్ సాయం వెళ్లబోతే చెయ్యి పట్టి ఆపాను.

మిసెస్ గెరాటీ గుమ్మంలోకి వచ్చింది. చర్చికి వేసుకునే కోటు తొడుక్కుంది, ఆ ఉక్కలో. గదిని అటూ ఇటూ చూడలేదు, తిన్నగా కిటికీ దగ్గరికి వెళ్లింది. ఒక ఊచని పట్టుకుని ఊపింది. కదల్లేదు. రెండోది ఊపింది. ఈ చివరి నుంచి ఆ చివరిదాకా, ఒక్కటీ వదలకుండా, వేళ్లు ఎర్రబడేలా ఊపింది. తర్వాత అడ్డకమ్మీ మీద అరచెయ్యి ఆనించింది.

"గట్టిగా పెట్టారు," అంది, మాతో కాదు.

కోల్మ్ కుర్చీ తెచ్చి వేశాడు. వేసవంతా వంటగదిలో దాచిన ఆ కుర్చీని కిటికీకి ఆనించి వేశాడు. ఆవిడ కూర్చుంది. సైవ్ ఎక్కి ఆవిడ ఒళ్లో కూర్చుంది. కోల్మ్ కింది చట్రం పూర్తిగా పైకి లేపాడు.

వాన మొదలైంది. ముందు పెద్ద పెద్ద చుక్కలు, పెరటి రాళ్ల మీద ఆవిరి వాసన, తర్వాత ఒక్కసారిగా ఊరంతా మోత. సైవ్ ఊచల మధ్యనుంచి చెయ్యి బయటపెట్టి "నీళ్లు! నీళ్లు!" అని కేరింతలు కొట్టింది. జల్లు లోపలికి కొట్టి ఆవిడ కోటు తడుస్తోంది, నేల తడుస్తోంది, చరిత్రంతా తడుస్తోంది. నా కాళ్లు వాటంతటవే లేచాయి. చట్రం మీద చెయ్యి వేశాను, దించడానికి.

మిసెస్ గెరాటీ నా చెయ్యి పట్టుకుంది.

"ఉండనీ పిల్లా," అంది. "తెరిచే ఉంచు."